ఆ కాలితో ఏం చెయ్యాలమ్మా?

నా భార్య నాగరత్న మోకాలికి ఆపరేషన్ చేసేముందు, "ఆ కాలితో నువ్వేం చెయ్యాలమ్మా?" అని ఆమెను ఎవరూ అడగలేదు.

మోకాలు మార్చారు. నొప్పి పోయింది. ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చిన కాగితంలో ఆపరేషన్ విజయవంతమని రాశారు. అదే కాగితంలో కింద, ఇక మీదట నేల మీద కూర్చోరాదని కూడా రాశారు. ధర్మవరంలో పుట్టి, పదేళ్ల వయసు నుంచి మగ్గం వెనక నేల మీద బాసింపట్టు వేసుకొని పట్టుపోగులు అతికిన మనిషి ఆమె. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపడం ఆమె పని. వేల పోగులు. కుర్చీలో కూర్చొని చేసే పని కాదది. ఈ సంగతి ముందే తెలుసుకోవలసినవాళ్లు తెలుసుకోలేదు.

ఆపరేషన్ నాటికి మా కాపురం ధర్మవరంలోనే. ఆ తర్వాత మూడేళ్లు బతికింది. చక్కగా నడిచేది. నడుచుకుంటూ చెల్లెలింటికి పోయి, మగ్గం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, కింద చెల్లెలు అతుకుతూ ఉంటే పైనుంచి చూసేది. పోయిన ఏడు నిద్రలోనే గుండె ఆగింది. మోకాలికి మాత్రం ఏ లోపమూ లేదు.

ఆ ఆస్పత్రి పెద్దది, పట్నంలోది. పేరు రాయను. దానికి ఏడు ఉత్తరాలు రాశాను. ప్రతి ఉత్తరంలోనూ ప్రశ్న ఒకటే: ఆపరేషన్‌కు ముందు ఆమెను ఏమడిగారు? ఆరింటికి జవాబు లేదు. ఒకదానికి మాత్రం, మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు అని అచ్చేసిన కార్డు వచ్చింది. నేను చెప్పింది అభిప్రాయం కాదు. అడిగింది ప్రశ్న. ఆ తేడా తెలియనివాళ్ల చేతిలో కత్తి ఉంది చూడండి, అదీ నా బాధ.

నేను చదివింది ఐదో తరగతి. పెనుకొండలో ఒక డాక్టరు దగ్గర ఇరవై రెండేళ్లు కాంపౌండరుగా చేశాను. మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఆయన పుస్తకాలు ఆయన నిద్రపోయే మధ్యాహ్నాల్లో చదివాను. ఇప్పుడు ఉండేది కోలారులో, బడిపంతులమ్మ అయిన నా కూతురి దగ్గర. అక్కడికే మొన్న చలి తగ్గే రోజుల్లో ఒక ఫోను వచ్చింది. మాట్లాడినావిడ డాక్టర్ సుహాసిని. ఆ పెద్దాస్పత్రిలోనే పనిచేస్తుందట. నా ఏడో ఉత్తరం ఎవరి బల్ల మీదో పడి ఉంటే చదివిందట. శిక్షణలో ఉన్న డాక్టర్లకు హిందూపురంలో రెండు రోజులు పాఠం చెప్పబోతున్నాననీ, వచ్చి మా పిల్లలకు మీ నోటితో చెప్పండనీ అడిగింది.

"నా ప్రశ్నకు జవాబిస్తేనే వస్తాను" అన్నాను.

"కేస్ షీట్ వెతికిస్తాను. అందులో ఏముంటే అది రాసి పంపుతాను. మాట" అంది.

ఆ మాట మీద బస్సెక్కాను.

గౌరిబిదనూరు దాటాక

కోలారు నుంచి చిక్కబళ్లాపురం, అక్కడి నుంచి గౌరిబిదనూరు, ఆ పైన హిందూపురం. మూడు బస్సులు. గౌరిబిదనూరులో నా పక్కన చింతపండు గంప ఒళ్లో పెట్టుకొని ఒక పెద్దామె కూర్చుంది. అమరాపురం మనిషి. కండక్టరుతో కన్నడం, నాతో తెలుగు, గంపతో రెండూ.

"యాడికి పోతాండావప్పా?" అంది.

"హిందూపురం. డాక్టర్లకు పాఠం చెప్పేకి."

నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "నువ్వా? చెప్పు తెగిపోయి ఉండాది నీది."

నిజమే. చిక్కబళ్లాపురంలో బస్సు మారేటప్పుడు కుడికాలి చెప్పు వారు తెగింది. పిన్నీసుతో కుట్టుకొని ఉన్నాను. పాఠం చెప్పే మనిషిని ముందు కాళ్లు చూసి కొలుస్తారని అప్పుడు తెలిసింది.

"నీకు మోకాళ్లు ఎట్లుండాయమ్మా?" అని అడిగాను. ఊరికే.

"నొప్పే. డాక్టరు మార్చాలన్నాడు. దుడ్లు ఎవరిస్తారు? అయినా నాకు కాళ్లతో ఏం పని? చెట్టు కింద కూచోని చింతకాయ కొట్టేదే కదా నా పని. కూచుంటే సాలు."

కూర్చుంటే చాలు. ఆ ముక్క విని నేను కిటికీ వైపు తిరిగాను. ఆమె నా భార్య వయసుదే. గంపలోంచి చింతపండు పిసరు తీసి, ఉప్పురాయి అద్ది, "తిను, బస్సులో వాంతి రాదు" అని నా చేతిలో పెట్టింది. కోలారులో పక్క సీటువాళ్లు పలకరించాలంటే ఫోనులోంచి తల ఎత్తాలి. ఈ దారిలో ఇంకా అది అవసరం లేదు.

హిందూపురం: బొమ్మల కాగితం

బస్టాండు ఎదురుగా చిత్రాన్నం తిన్నాను. నలభై రూపాయలు. కోలారులో అరవై, పైగా అందులో వేరుశెనగ గింజలు వెతుక్కోవాలి. ఇక్కడ గింజల మధ్య అన్నం వెతుక్కోవాలి. ఇంకో గరిటె వేస్తూ, డబ్బు అడగకుండా "తినప్పా, ముసలోడివి" అన్నాడు పెట్టినాయన. ముసలోడివి అన్నందుకు కోపం రావాలి. రాలేదు.

పాఠం ఒక ఆస్పత్రి మేడ మీద హాలులో. శిక్షణలో ఉన్న డాక్టర్లు పద్దెనిమిది మంది. డాక్టర్ సుహాసిని నలభై దాటని మనిషి, నూలు చీర, గొంతు చిన్నది. గోడ మీద తెర మీద పాఠం పేరు పడింది: విలువ ఆధారిత వైద్యం. నాకు వెంటనే ఒళ్లు మండింది. విలువ అంటే కొట్లో చీటీ మీద రాసేది కదా! లేచి ఆ మాటే అన్నాను.

ఆమె నవ్వింది. "చీటీ మీద రాసేది ధరండీ. ధర మేం చెప్తాం. విలువ పేషెంటు చెప్పాలి. పెట్టిన ఖర్చుకు, పడిన కష్టానికి, ఆ మనిషికి కావలసింది ఎంత దక్కింది? అదొక్కటే ఈ రెండు రోజుల పాఠం. మేం చేసింది బాగా చేశామా అన్నది సగమే. చేసింది ఆ మనిషికి కావలసిందేనా అన్నది తక్కిన సగం. ఆ సగం మాకు ఎవరూ నేర్పలేదు."

సరే, కూర్చున్నాను. పేరు కొత్తదే గానీ విషయం నాకు పాతదే. అది పెనుకొండ దగ్గర చెప్తాను.

తర్వాత నన్ను మాట్లాడమంది. మైకు పట్టుకోగానే అది కీచుమని అరిచింది. పక్కన పెట్టేసి మామూలుగానే చెప్పాను. నాగరత్న ఎట్లా కూర్చునేదో, వేళ్లకు బూడిద రాసుకొని పోగును ఎట్లా మెలిపెట్టేదో, పెళ్లయి పెనుకొండకు వచ్చాక కూడా టిఫిన్ డబ్బా పట్టుకొని ప్యాసింజర్ రైలెక్కి ధర్మవరం పనికి ఎట్లా పోయేదో చెప్పాను. ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి వచ్చాను. ఆపేశాను.

వెనక వరుసలో కిరణ్ అనే అబ్బాయి చెయ్యెత్తాడు. కర్నూలు వైపు మాట. "తాతా, తప్పుగా అనుకోవద్దు. ఓపీలో నా ముందు రోజుకు ఎనభై మంది నిలబడతారు. ఒక్కొక్కరిని నువ్వేం పని చేస్తావు, నీకేం కావాలని అడుగుతా కూర్చుంటే పొద్దుగూకుతుంది."

"ఆపరేషన్‌కు ఎంతసేపు పట్టింది నాయనా నా భార్యకు?"

"రెండు గంటలు పట్టి ఉంటాది."

"ఆ ప్రశ్నకు ఎంతసేపు పడుతుంది?"

పిల్లలు నవ్వారు. కిరణ్ కూడా నవ్వాడు గానీ కూర్చోలేదు. "ఇంకొకటి తాతా. మీరు ఇరవై రెండేళ్లు కాంపౌండరు కదా. అన్నీ తెలుసు కదా. ఆమె నేల మీద కూర్చోవాలని మీరెందుకు చెప్పలేదు డాక్టరుకు?"

"అడగవలసింది వాళ్లు. చెప్పవలసింది ఆమె. మధ్యలో నేనెవరినప్పా?" అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. దాచడమెందుకు?

మర్నాడు పొద్దున పిల్లలందరినీ కింద ఓపీకి తీసుకుపోయింది. మోకాలి నొప్పులవాళ్లతో కూర్చొని ఒక్క ప్రశ్న అడిగి రావాలి. వాళ్ల చేతుల్లో ఒక బొమ్మల కాగితం ఉంది. వరసగా ముఖాలు. మొదటిది నవ్వుతూ ఉంటుంది, చివరిది ఏడుస్తూ ఉంటుంది. నొప్పి ఎంతో వేలు పెట్టి చూపించమంటారు. కొత్తచెరువు నుంచి వచ్చిన ఒక అవ్వ చాలాసేపు చూసి, నవ్వే ముఖం మీద వేలు పెట్టింది.

"నొప్పే లేదా అవ్వా? మరి ఎందుకొచ్చినావు?" అన్నాడు కిరణ్.

"ఇట్ల కావాలనే కదా నాయనా వచ్చింది!" అంది అవ్వ.

కిరణ్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాడు. "ఏం చెయ్యాలవ్వా ఈ కాలితో?" అని అప్పుడు అడిగాడు. శెనగచేనిలో కలుపు తీసేటప్పుడు గొంతుకు కూర్చోవాలంది. ఆమెకు ఆపరేషన్ ఇప్పుడే వద్దనీ, తొడకండ గట్టిపడే వ్యాయామం మూడు నెలలు చేయించి చూద్దామనీ, కలుపు తీసేటప్పుడు వేసుకొనే జానెడు ఎత్తు పీట ఒకటి చేయించుకోమనీ డాక్టర్ సుహాసిని చెప్పింది. పీట! నా భార్యకు ఆ పీట ఎవరూ చెప్పలేదు. జానెడు ఎత్తు పీట మీద కూర్చుంటే పోగులు అందుతాయో లేదో ఎవరికి తెలుసు? ఎవరైనా కూర్చోబెట్టి చూస్తే కదా!

ఇంకోపక్క రొద్దం నుంచి వచ్చిన గొర్రెల కాపరి ఒకాయన. పక్కన కొడుకు. శిక్షణలో ఉన్న అమ్మాయి పద్ధతిగా అడుగుతోంది. ప్రతి ప్రశ్నకూ జవాబు కొడుకే చెప్తున్నాడు. "మా నాయన ఇంగ గొర్రెలు మానేస్తాడు మేడమ్. ఇంటికాడ కూచోబెట్టి అన్నం పెడతాం." ముసలాయన నేల చూస్తున్నాడు. నాకు ఆగలేదు. "ఆయన్ని చెప్పనీప్పా! కాలు నీదా, ఆయనదా?" అని అరిచాను. ఓపీ అంతా తిరిగి చూసింది. నర్సమ్మ వచ్చి గమ్మున కూర్చోమంది. ముసలాయన అప్పుడు తలెత్తి, "గొర్రెలు లేకుంటే నేనేం చేసేది సామీ?" అన్నాడు. నాతో అన్నాడో, డాక్టరమ్మతో అన్నాడో. ఆ అమ్మాయి మాత్రం పెన్ను తీసి రాసుకుంది.

పెనుకొండ: వసారా

హిందూపురం నుంచి పెనుకొండకు రైలులో పోవాలనుకున్నాను. కిరణ్‌తో మాట్లాడుతూ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. రైలు వచ్చింది, పోయింది. ఇద్దరం చూస్తూనే ఉన్నాం. వేరే ఊరి బండేమో అనుకున్నాం. ఆఖరికి బస్సు.

పెనుకొండలో బాడుగలు పెరిగాయి. దగ్గరలో కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచీ ఇంతేనట. నేను నెలకు మూడు వందలకు ఉన్న రెండు గదుల ఇల్లు ఇప్పుడు ఏడు వేలట. కొండ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది, కోటగోడ కూడా. డాక్టరుగారి ఆస్పత్రి ఉన్న చోట సెల్‌ఫోన్ల కొట్టు. ఎదురుగా నారాయణప్ప టీ అంగడి మాత్రం అట్లాగే ఉంది.

"ఏమప్పా కాంపౌండరూ, ఇంగా బతికే ఉండావా?"

"నీ టీ మానేసినాను కదప్పా. అందుకే బతికుండా."

టీ పది రూపాయలు. నా దగ్గర తీసుకోలేదు. ఇద్దరం రోడ్డు దాటి పోయి కొట్టు ముందు వసారాలో కూర్చున్నాం. వసారా రాళ్లు అవే. ఆ రాళ్ల మీద ఇరవై రెండేళ్లు నేను చేసిన ఒక పని ఉంది. అది మందులు కట్టడం కాదు.

మా డాక్టరుగారికి ఒక అలవాటు. ఆడమనిషి వస్తే వెంట వచ్చిన మొగుణ్ణి, ముసలాయన వస్తే వెంట వచ్చిన కొడుకును బయటికి పంపేసేవాడు. "నొప్పి ఆమెది. మాట కూడా ఆమెదే. నువ్వు పోయి మా కాంపౌండరుతో మాట్లాడు పో." పరీక్ష చేసేటప్పుడు ఆయాను లోపల ఉంచుకొనేవాడు, తలుపు ఓరగా ఉండేది. బయటికి వచ్చినవాణ్ణి లోపలికి పోనీయకుండా ఈ వసారాలో మాటల్లో పెట్టడం నా ఉద్యోగం. వానలు, శెనగల రేటు, రాజకీయాలు. ఎంతమంది మొగుళ్లను ఆపానో ఈ రాళ్లకు తెలుసు. కొందరు తిట్టారు. ఒకాయన నా చొక్కా పట్టుకున్నాడు.

లోపల ఆయన మొదట అడిగేది రోగం గురించి కాదు. "పొద్దున లేస్తానే ఏం పని చేస్తావమ్మా?" అని. ఒకసారి భుజం నొప్పి అని ఒకామె వచ్చింది. మొగుడు నాతో, "బిందె ఎత్తలేదు సార్, నీళ్లకు కష్టంగా ఉండాది" అని ఒకటే చెప్తున్నాడు. లోపల ఆమె డాక్టరుగారితో చెప్పింది వేరు. "బిందె ఆయన కూడా ఎత్తొచ్చు సార్. నా జడ నేను వేసుకోలేకపోతాండా." ఆమెకు ఆయన సూదులేవీ వెయ్యలేదు. ఇంటిగోడ మీద వేళ్లు పైకి పాకించమన్నాడు. రోజూ చెయ్యి ఎక్కడిదాకా పోతే అక్కడ బొగ్గుతో గీత గీయమన్నాడు. రెండు నెలలకు ఆమె జడ వేసుకొని, అందులో కనకాంబరాలు పెట్టుకొని వచ్చింది. నాకు కూడా రెండు కొబ్బరి బిళ్లలు పెట్టింది. విలువ ఆధారిత వైద్యానికి తెర మీద పేరు పడకముందే ఈ వసారాలో నేను అది చూశాను. ఫీజు ఐదు రూపాయలు.

"సారు పోయినంక ఎవరూ ఆ మాదిరి అడగలేదప్పా" అన్నాడు నారాయణప్ప. "నాకు షుగరొచ్చె. టీ మానెయ్యి అంటారు. టీ అమ్మేటోణ్ణి, రుచి చూడకుండా ఎట్ల అమ్మేది? ఆ ముక్క చెప్పేకి సందియ్యరు."

సాయంత్రమయ్యేదాకా అక్కడే కూర్చున్నాం. ప్యాసింజర్ రైలు కూత వినబడింది. ఆ బండి దిగి నాగరత్న వచ్చే వేళ అది. చీర కొంగుకు బూడిద అంటుకొని, ఎడంచేత్తో డబ్బా ఊపుకుంటూ. నేను రోడ్డు మలుపు వైపు చూశాను. చూడకూడదని తెలిసే చూశాను. నారాయణప్ప లేచి రోడ్డు దాటి పోయాడు. ఇంకో టీ తెచ్చాడు, ఆయన కూడా తాగాడు.

ధర్మవరం: కొత్త పడుగు

ధర్మవరంలో పొద్దున దిగాను. స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జి, ముప్పై ఐదు. ఆ బజ్జి కొరికిన తర్వాత ఎవరితోనూ కోపంగా మాట్లాడలేం, నోరు సహకరించదు. మా ఆవిడ వీధికి పోతుంటే ఒకప్పుడు ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు వినబడేది. ఇప్పుడు కొన్ని ఇళ్లలో మరమగ్గాల రొద, కొన్ని ఇళ్లలో ఏమీ లేదు. మా మరదలు సరోజ ఇంట్లోంచి మాత్రం పాత చప్పుడే వచ్చింది.

"రా బావా. ఎట్లుండావు? డాక్టర్లకు పాఠం చెప్పినావంట?"

"చెప్పినా. చప్పట్లు కొట్టినారు."

"కొట్టకుంటే నువ్వు ఆపవు కదా, అందుకే కొట్టింటారు."

సరోజ అట్లాగే మాట్లాడుతుంది. అక్క నోరు తెరవదు, చెల్లెలు నోరు మూయదు. ఆ రోజు మగ్గం మీద పాత పడుగు అయిపోయింది. వంగపండు రంగు కొత్త పడుగు తెచ్చి పెట్టారు. సరోజ మగ్గం వెనక నేల మీద కూర్చొని అతకడం మొదలుపెట్టింది. పాత కొస, కొత్త కొస, వేలికి బూడిద, ఒక్క మెలి. మళ్లీ ఒకటి. చూస్తూ ఉంటే కళ్లు తిరుగుతాయి.

"జరుగు, నేను చేస్తా" అన్నాను.

నవ్వి జరిగింది. నాగరత్న కూర్చొనే చోటు అది. గోడకు వీపు తగిలే దగ్గర సున్నం నున్నగా అరిగి ఉంది. బాసింపట్టు వేసుకొని కూర్చున్నాను. డెబ్బై నాలుగేళ్లకు నా మోకాళ్లు మడుచుకుంటాయి. మడిచి నేను చేసే పనేమీ లేదు. మొదటి పోగు పట్టుకుంటే తెగింది. రెండోదీ తెగింది. మూడోది కలిసిందనుకున్నాను. సరోజ వేలితో తాకగానే విడిపోయింది.

"నీ మాటల మాదిరి సాగవు బావా పోగులు" అంది. నవ్వుతూనే ఉంది గానీ కళ్లు తుడుచుకుంది. "అక్క కుర్చీలో కూచోని, రాణి మాదిరి చూస్తాండా సరోజా, పని మాత్రం చేతగాదు, అనేది. ఒకసారి నేను నీళ్లకు పోయి వచ్చేసరికి కుర్చీ దిగి నేల మీద కూచోనుండాది. కాలు ముందుకు చాపి, పక్కకు వంగి, పది పోగులు అతికింది. లేపేకి ముగ్గురం కావాల్సొచ్చె. బావకు చెప్పొద్దు, అరుస్తాడు అనె."

నాకు తెలియదు ఈ సంగతి. మూడేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను, తెలియదు.

"ఆ పది పోగులు ఏ చీరలో పోయాయి?" అని అడిగాను.

"ఎవరికి తెల్సు బావా? ఎవరో కట్టుకోనుంటారు."

మధ్యాహ్నం రాగిసంగటి, శెనక్కాయల చట్నీ పెట్టింది. తినేటప్పుడు చెప్పింది, తనకూ మోకాలు పట్టేస్తోందని. ఇక్కడి డాక్టరు ఫోటో తీసి, పట్నం పొమ్మన్నాడట.

"నేను వస్తా నీతో. ఏం అడగాలో నాకు తెల్సు. నేను మాట్లాడతా" అన్నాను.

"నువ్వు బయట కూచుంటానంటేనే వస్తా" అంది సరోజ.

చిన్నప్పటి నుంచీ ఇంతే ఈమె అనుకొని, ఇంకో ముద్ద పెట్టించుకున్నాను.

కోలారు

ఇంటికి వచ్చి పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. డాక్టర్ సుహాసిని మాట తప్పలేదు.

నా జ్ఞాపకం మీద నాకు నమ్మకం ఎక్కువ. అరవై ఏళ్ల కిందటి ధరలు చెప్పగలను. ఆ పెద్దాస్పత్రి గది కూడా బాగా గుర్తుంది. నీలం పరదా, బల్ల మీద ప్లాస్టిక్ మోకాలి బొమ్మ, ఎదురుగా కళ్లద్దాల కుర్ర డాక్టరు, నా కుడిపక్కన నాగరత్న, ఒళ్లో సంచి. ఈ ఉత్తరంలో ఉన్నది మాత్రం గుర్తు లేదు. ఎంత వెతికినా లేదు. చదివి నాలుగు రోజులు నా కూతురికి చూపించలేదు. ఐదో రోజు చూపించాను. పిల్ల చదివి, మడిచి, నా చేతికే ఇచ్చింది. మొదట ఈ వ్యాసం మొదటి వాక్యం మార్చి రాద్దామనుకున్నాను. మార్చలేదు. ఆమెకు ఆ ప్రశ్న దక్కలేదన్నది మారదు కాబట్టి. ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

"నమస్కారమండీ. మీ భార్యగారి కేస్ షీట్ దొరికింది. ఇది మీకు రాయాలా వద్దా అని వారం ఆలోచించాను. మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను. ఆపరేషన్‌కు ముందు ఆమెను చూసింది అప్పుడు శిక్షణలో ఉన్న ఒక డాక్టరు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్నదాన్ని తెలుగులో పెడుతున్నాను. 'ఈ కాలితో మీరు ముఖ్యంగా ఏం చెయ్యాలి అని అడిగాను. పేషెంటు భర్త వైపు చూసింది. భర్త వైద్యం తెలిసినవారు. ఆమె పని మానేసే వయసు వచ్చిందనీ, నొప్పి లేకుండా నడిస్తే చాలుననీ ఆయన చెప్పారు.' తప్పు మీదని నేను అనడం లేదు. మిమ్మల్ని బయట కూర్చోబెట్టి ఆమెను మళ్లీ అడగవలసింది మా డాక్టరు. మేం పిల్లలకు నేర్పవలసింది కూడా అదే. వచ్చే నెల తరగతిలో, పేర్లు తీసేసి, ఈ కాగితం చూపించవచ్చా? మీరు వద్దంటే చూపించను. ఇంకొకటి కూడా మీకు తెలియాలి. ఆ వాక్యాల కింద మరో వాక్యం రాసి, కొట్టేసి ఉంది. వెలుతురుకు పట్టి చూస్తే కనిపిస్తోంది. 'పేషెంటు ఏదో చెప్పబోయింది.'"